పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: ఇంజిన్ బలం దారిలో ఎక్కడ ఆగిపోతుంది?

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లలో, ముఖ్యంగా అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చినవాళ్లలో, పాత జిప్సీ మీదో మహీంద్రా జీపు మీదో మోజు పడేవాళ్లు తక్కువేమీ కాదు. చిన్నప్పుడు ఊళ్లో పోలీసు జీపునో, ఫారెస్టు వాళ్ల బండినో కళ్లార్పకుండా చూసినవాళ్లు చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అలాంటిదాన్నే వెతికి కొనుక్కుంటారు. కొన్న మర్నాటి నుంచి ఖర్చు మొదలవుతుంది. మొదట పెద్ద టైర్లు, ఆ తర్వాత ఎత్తు పెంచే కిట్టు, ఇనుప బంపరు, పైకప్పు మీద లైట్ల వరుస వస్తాయి. కొన్ని వందల రూపాయల ఆయిల్ సీలు, ఇరుసు పళ్ల చక్రాలను మూసి ఉంచే హౌసింగుకు గాలి ఆడే చిన్న గొట్టం, కమాను పట్టీల బుష్‌లు మాత్రం ఎప్పుడో బండి మొండికేసినప్పుడు గుర్తుకొస్తాయి. ఈ వరుస తలకిందులుగా ఉందన్నది నా అభిప్రాయం. రోడ్డు లేని చోట నడపడం ఒక విద్య, పాత బండిని కాపాడుకోవడం వేరొక విద్య అని మనం విడదీసి చూస్తాం గానీ, ఇంజిన్‌లో పుట్టిన బలం ఏ దారిన చక్రానికి చేరుతోంది, ఆ దారిలో ఎక్కడ ఆగిపోతోంది అని అడిగితే రెండింటికీ ఒకే చోట జవాబు దొరుకుతుంది.

మన దగ్గర దొరికే పాత బండ్లు పేరుకు రకరకాలు. మహీంద్రా 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చడం మొదలుపెట్టింది, ఆ వంశంలోవే తర్వాతి ఎంఎం 540, 550 వగైరాలు. నిస్సాన్ కంపెనీ పాట్రోల్ అనే బండి నమూనా మీద జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన జోంగా 1999 దాకా వచ్చింది. మారుతి జిప్సీ 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చి, 1996లో 1300 సీసీ ఇంజిన్‌తో జిప్సీ కింగ్ అయింది. 2010లో వచ్చిన మొదటి తరం థార్‌ను కూడా ఇప్పుడు పాత బండ్ల లెక్కలోనే వేసుకోవచ్చు. ఇన్ని పేర్లున్నా లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే. గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో పెట్టె అందుకుని, మామూలుగా వెనక ఇరుసుకు మాత్రమే పంపుతుంది. చిన్న లివరు లాగితే ముందు ఇరుసుకు కూడా పంపుతుంది. ఇలా కావాలనుకున్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం పంపే పద్ధతిని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం పంపే ఖరీదైన బండ్లతో దీనికి పోలిక లేదు.

ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా పాత బండ్లు పాడవుతాయి. లివరు లాగిన క్షణం నుంచి ఇరుసులకు బలం మోసే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే వేగంతో తిరగక తప్పదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ కేసులో ఆ రెండూ పళ్ల చక్రాలతోనో గొలుసుతోనో ఒకదానికొకటి బిగిసిపోయి ఉంటాయి. కానీ బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడవాలి. జిప్సీనే తీసుకుని లెక్క వేద్దాం. దాని ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు మధ్య బిందువు 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందు ఇరుసు మధ్య బిందువు దాదాపు 5.53 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. పావు వృత్తం, అంటే ఒక వీధి మలుపు తిరిగేలోపు వెనక ఇరుసు 7.85 మీటర్లు నడిస్తే, ముందుది 8.69 మీటర్లు నడవాలి. ఆ 84 సెంటీమీటర్ల తేడా ఎక్కడికి పోతుంది? మట్టిలోనో ఇసుకలోనో అయితే ఏదో ఒక చక్రం కొంచెం జారి ఆ తేడాను మింగేస్తుంది. తారు రోడ్డు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా చేరుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, బండిని ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు ఉంటుంది, లివరు వెనక్కి రానని మొరాయిస్తుంది. అప్పుడు లివరును బలవంతంగా పీకకుండా, బండిని కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే మెలిక విడిపోయి లివరు దానంతట అదే సులువుగా వస్తుంది.

మలుపు లేకపోయినా ఈ మెలిక పడే సందర్భం ఒకటుంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. పాత బండి అమ్మేవాళ్లు ముందు రెండు టైర్లు కొత్తవి వేసి, వెనక అరిగినవి ఉంచేస్తారు. కొత్త టైరుకూ బాగా అరిగిన టైరుకూ గాడి లోతులో 6 మిల్లీమీటర్ల తేడా ఉందనుకుంటే వ్యాసంలో అది 12 మిల్లీమీటర్లు అవుతుంది. జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చే 205/70 ఆర్15 టైరు వ్యాసం సుమారు 668 మిల్లీమీటర్లు కనుక, తేడా దాదాపు 1.8 శాతం. అంటే మలుపుల్లేని తిన్నటి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో వెళ్లినా కిలోమీటరుకు 18 మీటర్ల లెక్క తప్పుతుంది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడలువి, ఒకే మేర అరిగినవి కావాలనడంలో చాదస్తమేమీ లేదు.

ట్రాన్స్‌ఫర్ కేసు దాటాక బలం, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు, మన మేస్త్రీల మాటలో హౌసింగులోని క్రౌన్-పినియన్‌కు చేరుతుంది. అసలు చిక్కంతా ఇక్కడుంది. మామూలు డిఫరెన్షియల్ కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ ఎప్పుడూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇవ్వగలదు. ఒక చక్రం గాలిలో లేచిందనుకోండి. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి బలమేమీ అక్కర్లేదు, కాబట్టి నేల మీద గట్టిగా నిలిచిన రెండో చక్రానికి అందేదీ అంతే, అంటే దాదాపు సున్నా. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలిపోతే రెండు ఇరుసులూ చేతులెత్తేస్తాయి. పేరుకు నాలుగు చక్రాల బండి, ఆ క్షణంలో ఒక్క చక్రం కూడా లాగదు. కొత్తగా కొన్నవాళ్లు మొదటిసారి గట్టు అడ్డంగా దాటబోయి ఇరుక్కుపోయినప్పుడు బండిలో ఏదో లోపం ఉందనుకుని గ్యారేజీకి పరిగెత్తడం మామూలే; అక్కడ లోపం ఏమీ కనబడదు.

దీనికి మందుగా, బ్రేకు పెడల్‌ను సన్నగా నొక్కుతూ యాక్సిలరేటరు ఇస్తే బలం రెండో చక్రానికి మళ్లుతుందని చాలామంది చెబుతారు. లెక్క వేసి చూస్తే ఇందులో పస తక్కువ. పెడల్ నొక్కితే తేలిన చక్రంతో పాటు పట్టున్న చక్రాన్నీ బ్రేకు అంతే బలంగా పట్టుకుంటుంది. డిఫరెన్షియల్ అదనంగా పంపిన బలాన్ని అక్కడి బ్రేకే తినేస్తుంది. 2020లో వచ్చిన కొత్త థార్‌లో, జిమ్నీలో ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉత్తినే తిరుగుతున్న ఒక్క చక్రాన్నే ఎంచి బ్రేకు వేస్తుంది గనుక అక్కడ ఈ కిటుకు పనిచేస్తుంది. పాత థార్‌కు 2015లో మార్పులు చేసినప్పుడు, చక్రాల వేగాల్లో తేడా వచ్చినప్పుడు దానంతట అదే బిగిసే లాకరును వెనక ఇరుసులో ఇచ్చారు. అంతకన్నా పాత బండ్లకు అలాంటివేవీ లేవు. వాటికున్న ఉపాయం ఒక్కటే: చక్రాలను నేల మీది నుంచి లేవనీయకపోవడం.

చక్రం నేలను విడవకుండా ఉండాలంటే ఇరుసు ఒక పక్క పైకి, మరో పక్క కిందికి ఒరగగలగాలి. జిప్సీకి, పాత జీపులకు ముందూ వెనకా కమాను పట్టీలే. వయసు మీద పడిన బండిలో ఆ పట్టీల మధ్య తుప్పు చేరి, ఒకదాని మీద ఒకటి జారాల్సిన పట్టీలు అతుక్కుపోయినట్టు గట్టిపడతాయి. పట్టీల కట్టను చాసిస్‌కు పట్టి ఉంచే షాకిల్ పిన్నులు ఎండిపోతాయి. రబ్బరు బుష్‌లు చితికి ఇనుము ఇనుమును రాసుకుంటుంది. అప్పుడు ఇరుసు ఒరగదు, చక్రం ముందే లేస్తుంది, డిఫరెన్షియల్ తన బలాన్ని గాలికి అప్పగిస్తుంది. కట్టను విప్పించి, పట్టీలు గీకించి, వాటి మధ్య గ్రాఫైటు గ్రీజు పూయించి, బుష్‌లు, పిన్నులు మార్పిస్తే కదలిక ఎంత పెరుగుతుందో కొలిచి చూసుకోవచ్చు. ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కించి, వెనక చక్రం నేల నుంచి లేచే క్షణంలో గట్టు ఎత్తు ఎంత ఉందో పని చేయించకముందూ చేయించాకా టేపుతో కొలిస్తే సరిపోతుంది. ఎత్తు పెంచాలని అదనపు పట్టీలు వేయించినవాళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేస్తున్నారు. బండి ఎత్తుగా కనబడుతుంది, కట్ట మాత్రం మొద్దుబారి చక్రం ఇంకా త్వరగా లేస్తుంది.

పెద్ద టైర్ల సంగతి కూడా ఇలాంటిదే. జిప్సీకి 31 అంగుళాల టైర్లు వేయడం ఈ నగరంలో ఒక ఫ్యాషన్. వ్యాసం 668 నుంచి 787 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, ఇరుసు కింద ఖాళీ దాదాపు 6 సెంటీమీటర్లు ఎక్కువవుతుంది, ఇది నిజమైన లాభమే. కానీ చక్రం 18 శాతం పెద్దదైతే ప్రతి గేరూ అంత మేర బరువెక్కుతుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో మామూలు నడకకు వాడే హై నిష్పత్తి 1.409, నెమ్మదిగా, బలంగా లాగడానికి వాడే లో నిష్పత్తి 2.268. అంటే లో రేంజిలో వేస్తే, ఇంజిన్ అదే వేగంతో తిరుగుతుండగా, బండి వేగం 62 శాతానికి తగ్గి చక్రం దగ్గర బలం 61 శాతం పెరుగుతుంది. పెద్ద టైరు వేయగానే ఆ 61 శాతం లాభం సుమారు 37 శాతానికి పడిపోతుంది. అదే అనుపాతంలో బ్రేకులు బలహీనపడతాయి, యాక్సిల్ షాఫ్టులు, చక్రం బేరింగులు, స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాలు ఆధారంగా తిరిగే కింగ్‌పిన్నుల మీద ఒత్తిడి పెరుగుతుంది, స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజానికి 70 దాటి పోతుంటుంది. 1,000 కిలోల లోపు బరువున్న ఒక తేలికపాటి బండికి, 30 ఏళ్ల కిందటి ఇనుముకు, ఇదంతా అవసరమా అని అడగాల్సిందే.

కొత్త టైరు కొనకుండానే పట్టు పెంచే దారి ఒకటుంది, అది గాలి తగ్గించడం. రోడ్డు మీద 26 నుంచి 30 పీఎస్‌ఐ ఉండే టైరులో గాలిని 18కి దించితే టైరు నేలను తాకే మేర పొడవుగా సాగి, అదే బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. ఇసుకలో కూరుకుపోదు, రాయి మీద అంచును కరుచుకుని ఎక్కుతుంది. చిత్రావతి, పెన్న ఇసుక దిన్నెల్లో దీనికి మించిన ఉపాయం లేదు. మరీ 15 కన్నా దిగిపోతే స్టీరింగు గట్టిగా తిప్పినప్పుడు ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించిన టైరుతో వేగంగా పోకూడదు, తారు రోడ్డు ఎక్కకముందే మళ్లీ నింపాలి. కాబట్టి గాలి కొట్టే చిన్న కంప్రెసరు, నమ్మదగిన గేజి పైకప్పు లైట్ల కన్నా ముందు కొనవలసిన వస్తువులు.

నేల తీరును బట్టి నడక మారుతుంది. కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం చుట్టుపక్కల ఉన్న ఎర్రగరుసు నేల ఎండాకాలంలో గులకరాళ్ల మీద జారుతుంది గానీ తడిస్తే ఒక మోస్తరుగా పట్టు ఇస్తుంది. ఎండిన చెరువు మధ్యలోని ఒండ్రు మట్టి పైకి పెళుసుగా పగిలి ఉన్నా, అడుగున తడి దాచుకుని బండిని ఇరుసుల దాకా దించేస్తుంది. అలాంటి చోట దిగి నడిచి, మడమతో తొక్కి చూడకుండా బండి దించడం తెలివైన పని కాదు. నల్లరేగడి తడిస్తే టైరు గాడులన్నీ నిండిపోయి చక్రం నున్నటి దుంగలా మారుతుంది, అక్కడ చక్రం కొంచెం వేగంగా తిరిగి మట్టిని విదిలించుకోవాలి. ఈ ప్రాంతపు నల్లరాతి బండల మీద మాత్రం వేగం పనికిరాదు. లో రేంజి మొదటి గేరులో, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా, చక్రాన్ని రాతి మీద పెట్టి దాటించాలి. రెండు చక్రాల మధ్యకు రాయి వచ్చేలా పోతే హౌసింగు తగులుతుంది.

దిగుడులో లో రేంజి మొదటి గేరు వేసి, పాదాన్ని క్లచ్ దగ్గరకు పోనీయకుండా ఉంటే ఇంజినే బండిని పట్టి దించుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగిసి జారతాయి, జారే చక్రం స్టీరింగు మాట వినదు. ఎగుడులో సగం దాకా వెళ్లి ఇంజిన్ ఆగిపోతే క్లచ్ తొక్కి వెనక్కి జారడం, బండిని పక్కకు తిప్పబోవడం రెండూ ప్రమాదకరం. పక్కకు తిరిగిన బండి పొర్లిపోతుంది. బ్రేకు మీద పాదం గట్టిగా ఉంచి, క్లచ్ తొక్కి రివర్సు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, అప్పుడు తాళం తిప్పితే స్టార్టరు మోటారుతోనే బండి కదిలి, ఇంజిన్ అందుకుని, తిన్నగా వెనక్కి దిగుతుంది. ఇంజిన్ ఆగిన తర్వాత బ్రేకు బూస్టరులో ఒకటి రెండు నొక్కులకు సరిపడా సాయమే మిగులుతుంది కాబట్టి పెడల్‌ను పదేపదే వదిలి తొక్కకూడదు. క్లచ్ తొక్కితే తప్ప స్టార్టు కాని ఇప్పటి బండ్లలో ఈ పద్ధతి నడవదు.

నీటి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే పాత బండికి నీళ్లు చేసే చెరుపు ఆ రోజు కనబడదు. కనబడే ప్రమాదం ఇంజిన్‌లోకి నీళ్లు పోవడం. గాలి అణుగుతుంది, నీరు అణగదు. సిలిండరులో నీళ్లుండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీటి మధ్యలో బండి ఆగితే మళ్లీ స్టార్టు చేయకుండా లాగించుకోవడమే మార్గం. గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో బానెట్ ఎత్తి చూసుకోవడం మొదటి పని. కంపెనీ చెప్పిన లోతు కొత్త థార్‌కు 650 మిల్లీమీటర్లయితే, పాత జిప్సీతో చక్రం మధ్య బిందువును, అంటే సుమారు 33 సెంటీమీటర్లను దాటకపోవడం మేలు. పారే నీటిలో రెండు అడుగుల లోతు చాలా బండ్లను కొట్టుకుపోయేలా చేయగలదు. ఇది అడవి వాగుల సంగతే అనుకోవద్దు. 2023 మే నెలలో బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు నీట మునిగి, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. ఎత్తైన బండి ఉందన్న ధీమా అలాంటి చోట పనికిరాదు.

కనబడని చెరుపు ఇరుసుల్లో జరుగుతుంది. గంటసేపు నడిచిన హౌసింగు, అందులోని ఆయిలు, గాలి వేడెక్కి ఉంటాయి. చల్లటి వాగులోకి దిగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. ఆ ఖాళీని పూరించడానికి బయటి నుంచి ఏదో ఒకటి లోపలికి రావాలి. హౌసింగు మీద ఉండే చిన్న బ్రీదర్ మూత తెరిచే ఉంటే గాలి వస్తుంది. అది బురదతో మూసుకుపోయి ఉంటే అరిగిన ఆయిల్ సీలు అంచు నుంచి నీళ్లు వస్తాయి. బ్రీదరు తెరిచి ఉన్నా నీట మునిగితే అందులోంచీ నీళ్లే వస్తాయి. అందుకే రెండు బ్రీదర్లకూ రబ్బరు గొట్టాలు తగిలించి, వాటి కొసలను బానెట్ లోపలో, వెనక లైటు పక్కనో ఎత్తున కట్టాలి. ఈ పనికయ్యే ఖర్చు ఒక పూట హోటలు భోజనం ఖర్చును మించదు. నేను చూసిన బండ్లలో లక్షల రూపాయల బంపర్లు, వించీలు పెట్టించుకున్నవాటికి కూడా ఇది ఉండదు.

నీళ్లు చేరాయా లేదా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. బండిని చదునైన చోట రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే హౌసింగు పక్కనుండే నింపుడు బోల్టు విప్పి, చిటికెన వేలు లోపలికి పెట్టి వంచాలి. ఆయిలు ఆ రంధ్రం అడుగు అంచు దాకా తగలాలి. వేలికంటిన ఆయిలును ఎండలో పట్టి చూస్తే మంచిది తేనె రంగులోనో, పాతబడితే నల్లగానో ఉంటుంది. పాలు కలిసినట్టు తెల్లబారితే నీళ్లు చేరినట్టే. నీరు ఆయిలు కన్నా బరువు కాబట్టి కలవకుండా అడుగున నిలిచి ఉండొచ్చు. అందుకని కింది బోల్టును పూర్తిగా విప్పకుండా కొంచెం వదులు చేసి, మొదట కారే చుక్కలను చూడాలి. నీళ్లుంటే ముందు నీళ్లే కారతాయి. అయస్కాంతం ఉన్న బోల్టయితే దానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదల, వేళ్ల మధ్య గరగరలాడే ముక్కలు దొరికితే మాత్రం క్రౌన్-పినియన్ విప్పించాల్సిందే. కింది బోల్టు తీసేముందు పై బోల్టు విప్పుతుందో లేదో చూసుకోవడం మరవకూడదు, పాతికేళ్ల తుప్పులో అది బిగిసిపోయి ఉంటే ఆయిలు కారిపోయిన బండి అక్కడే నిలిచిపోతుంది.

కొత్త ఆయిలు పోసేటప్పుడు ఒక గందరగోళం ఉంది. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి తీవ్రమైన ఒత్తిడితో జారతాయి కాబట్టి అక్కడ గంధకం, భాస్వరం ఎక్కువగా కలిసిన జీఎల్-5 రకం కావాలి. గేర్‌బాక్సులో, గేరు మార్చేటప్పుడు పళ్ల చక్రాల వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగులుంటాయి. పాత బండ్ల విషయంలో ఆ మందులు ఇత్తడిని తినే అవకాశం ఉంది, పైగా ఆ జారుడుకు రింగులు సరిగ్గా పట్టవు. అందుకే చాలా పాత గేర్‌బాక్సులకు తయారీదారులు జీఎల్-4 చెప్పారు. దుకాణంలో రెండూ "80 డబ్ల్యూ 90 గేరాయిలు" అనే పేరుతోనే అమ్ముతారు. ఆ అంకె చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది, రకాన్ని చెప్పదు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవాలి, బండి మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. అన్నిటికీ ఒకటే పోస్తే సరి అనే మేస్త్రీతో వాదించకుండా, మనమే రెండు డబ్బాలు కొనుక్కెళ్లి ఎదురుగా పోయించుకోవడం సులువు.

ముందు ఇరుసు చివర్లు పాత బండికి సున్నితమైన చోటు. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా చేతులు పెట్టి ఊపితే కింగ్‌పిన్ను, చక్రం బేరింగు ఆట, అంటే వదులు, తెలుస్తుంది. ఎవరినైనా బ్రేకు తొక్కిపెట్టమని మళ్లీ ఊపినప్పుడు ఆట పోతే తప్పు బేరింగుది, అలాగే ఉంటే కింగ్‌పిన్నుది. ఎడమా కుడీ పట్టి ఊపితే తెలిసేది రెండు ముందు చక్రాల స్టీరింగును కలిపే టైరాడ్ చివరల ఆట. గుంతలో పడ్డాక స్టీరింగు వణుకు ఆగకుండా పెరిగిపోయే జబ్బుకు చాలామంది స్టీరింగు డంపరు మార్పించి సరిపెడతారు. డంపరు వణుకును కప్పుతుంది, కారణమైన వదులు అలాగే పెరుగుతుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కొసల్లోని కీళ్లకు, అంటే యూజే (యూనివర్సల్ జాయింట్) క్రాసులకు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు టోపీల అంచుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడు వైపులే వచ్చి ఒక వైపు రాలేదంటే ఆ టోపీలోని సూది బేరింగులు పొడి బారాయని అర్థం. ఫోర్ వీల్‌లో లివరు వేసి వదిలినప్పుడు వినబడే టంగుమనే చప్పుడు ఎక్కువసార్లు అక్కడిదే.

వారమంతా అపార్ట్‌మెంటు సెల్లారులో నిలిచి ఆదివారం మాత్రమే కదిలే బండికి రోజూ తిరిగే బండి కన్నా కొన్ని జబ్బులు ఎక్కువ. సీళ్లు ఎండుతాయి, వీల్ సిలిండర్లు పట్టేస్తాయి, నెలల తరబడి వేయని ఫోర్ వీల్ లివరు బిగుసుకుపోతుంది. నెలకొకసారైనా ఏదో మట్టి బాట మీద లివరు వేసి కాసేపు నడపడం దీనికి మందు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, కార్బురేటరు లోపలి రబ్బరు గాస్కెట్లను మెత్తబరుస్తుంది. 2000కు ముందు నాటి కార్బురేటరు జిప్సీ ఉన్నవాళ్లు పెట్రోలు గొట్టాలన్నీ ఒకసారి ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించుకోవడం మంచిది. పెట్రోలు వాసన వస్తోందంటే ఆలస్యం చేయకూడదు.

విడిభాగాల కోసం బెంగళూరులో ఉన్నవాళ్లకు జేసీ రోడ్డు పెద్ద దిక్కు. కొత్తవి అక్కడ, పాత బండ్ల నుంచి తీసినవి శివాజీనగర్ గుజరీలో దొరుకుతాయి. గుజరీలో హౌసింగు, గేర్‌బాక్సు పెట్టె, డోరు లాంటివి కొనొచ్చు గానీ సీళ్లు, బేరింగులు, బ్రేకు భాగాలు, యూజే క్రాసులు అక్కడ కొనకూడదు. డిఫరెన్షియల్ మార్పించాల్సి వస్తే ముందూ వెనకా పళ్ల నిష్పత్తి ఒకటే ఉందని లెక్కపెట్టి చూసుకోవాలి. ఒక పేరున్న వర్క్‌షాపులో వేరే నిష్పత్తి ఉన్న వెనక హౌసింగు బిగించి ఇచ్చిన బండిని నేను చూశాను, దాన్ని ఫోర్ వీల్‌లో వేస్తే పది మీటర్లు కూడా సాఫీగా కదలలేదు. నాలుగు చక్రాలకూ బలం పంపే బండిలో పావు శాతం తేడాను కూడా మెకానిక్కు కళ్లు చూసి చెప్పలేవు, పళ్లు లెక్కపెట్టాల్సిందే.

కొనేటప్పుడు కాగితాలూ ఇనుమంత ముఖ్యం. సొంత వాడకం బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, బాగా పాతబడిన బండ్లకు తర్వాత ఇంకా పెంచారు. ఆంధ్రలో కొన్న బండిని బెంగళూరుకు తెచ్చి 12 నెలలు దాటి వాడితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతోంది, దానికి అక్కడి ఆర్టీఓ నిరభ్యంతర పత్రం, ఇక్కడి జీవితకాల పన్ను కావాలి. ఇంజిన్ మార్చిన జీపులు, సైనిక వేలంలో కొని కాగితాలు తర్వాత అతికించినవి చాలా తిరుగుతున్నాయి. 52వ సెక్షను మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, తయారీదారు ఇచ్చిన ప్రాథమిక రూపం నుంచి మార్చిన బండికి రిజిస్ట్రేషను చిక్కులు తప్పవు. ముందు బిగించే ఇనుప గార్డుల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం చర్యలకు ఆదేశించింది. చాసిస్ నంబరును పక్క పట్టీ మీద చేత్తో తుడిచి చదివి, ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చకుండా డబ్బు కట్టకూడదు. రిజర్వు అడవుల్లోకి, బన్నేరుఘట్ట లాంటి రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరమన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఎంత జాగ్రత్తగా నడిపినా ఎక్కడో ఒకచోట ఇరుక్కోవడం జరుగుతుంది, జనానికి దెబ్బలు తగిలేది ఎక్కువగా అప్పుడే. బండిని లాగే తాడు తెగడం కన్నా దానికి తగిలించిన ఇనుము ఊడి ఎగిరిరావడం ప్రాణాంతకం. బంపరుకు, కమాను పట్టీలకు, టోయింగ్ గుండుకు తాడు కట్టకూడదు. చాసిస్‌కు గట్టి బోల్టులతో బిగించిన కొక్కేనికే కట్టాలి. తాడును కొక్కేనికి తగిలించే ముప్పావు అంగుళం విల్లు షాకిల్ మీద 4.75 టన్నుల సామర్థ్యం అచ్చు వేసి ఉంటుంది. అచ్చు లేనిది కొనొద్దు. సాగే నైలాన్ పట్టీతో ఊపుకు లాగొచ్చు, సాగని పట్టీతో గానీ గొలుసుతో గానీ ఊపుకు లాగితే ఏదో ఒకటి విరుగుతుంది. తాడు మధ్యలో మందపాటి గోనెపట్టానో తడి దుప్పటినో వేస్తే తెగినప్పుడు అది ఎగరకుండా కిందికి పడుతుంది. చూసేవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కగా నిలబడాలి. లాగించే ముందు చక్రాల ముందున్న మట్టిని పారతో తీసేస్తే, గాలి ఇంకాస్త తగ్గిస్తే, సగం సందర్భాల్లో లాగించాల్సిన పనే ఉండదు.

ఇంటికి వచ్చాక బండిని పైనుంచి కడగడం కన్నా డ్రమ్ముల లోపల, చాసిస్ అడ్డపట్టీల మీద, రేడియేటరు రెక్కల మధ్య నీళ్లు కొట్టడం ముఖ్యం. బురద పట్టిన డ్రమ్ములో లైనరు ఎండు మట్టితో కలిసి డ్రమ్మును గీసేస్తుంది. మొదట నెమ్మదిగా నడుపుతూ నాలుగైదు సార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టాలి. కమాను కట్టల యూ-బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి నట్లు, చక్రం నట్లు మర్నాడు చల్లబడ్డాక రెంచితో ఒకసారి చూసుకోవాలి. యూ-బోల్టు వదులైతే కట్ట మధ్యనున్న సెంటర్ బోల్టు మీదే భారమంతా పడి తెగుతుంది, ఇరుసు జరిగిపోతుంది. ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగిన బండి హోసూరు రోడ్డు మీద నేరుగా పోతున్నా వెనక నుంచి చూసేవాడికి కొంచెం వాలుగా నడుస్తున్నట్టు కనబడుతుంది.